శబ్దానికి ప్రదక్షిణ లెక్క

మాడ్రిడ్ నగరంలో హ్వాన్ మార్చ్ ఫౌండేషన్ దగ్గర ఒక శిల్పం ఉంది. చేసింది ఎవుసేబియో సెంపేరె అనే స్పానిష్ కళాకారుడు. అందులో దేవుడూ లేడు, మనిషీ లేడు. 4 మీటర్ల వెడల్పున్న గుండ్రటి తిన్నె మీద నిలువుగా నిలబెట్టిన బోలు స్టీలు గొట్టాలు, అంతే. ఒక్కో గొట్టం లావు 2.9 సెంటీమీటర్లు. ఒకదాని నడిమి నుంచి పక్కదాని నడిమికి కచ్చితంగా 10 సెంటీమీటర్లు. 1995లో స్పెయిన్ పరిశోధకులు కొందరు దీనికి ఒకవైపు స్పీకరు, రెండోవైపు మైకు పెట్టి కొలిచి, ఫలితాన్ని నేచర్ పత్రికలో అచ్చువేశారు. 1670 హెర్ట్జ్ దగ్గర శబ్దం గట్టిగా దెబ్బతింది. గొట్టాల మధ్య బోలెడంత ఖాళీ. గాలి దూరుతుంది, చూపు దూరుతుంది, ఆ శ్రుతికి మాత్రం దారి దొరకలేదు.

ఈ లెక్క నోటితోనే చేసేయొచ్చు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మొదటి వరస గొట్టాలకు తగిలి అందులో కొంచెం వెనక్కి వస్తుంది. రెండో వరస 10 సెంటీమీటర్లు లోపలికి ఉంది కాబట్టి అక్కడ తగిలి వచ్చేది పోనూ రానూ 20 సెంటీమీటర్లు ఎక్కువ తిరుగుతుంది. తరంగం పొడవు కూడా సరిగ్గా 20 సెంటీమీటర్లే అయితే, వరసవరస నుంచీ వెనక్కొచ్చే చిన్నచిన్న అలలన్నీ అడుగు కలుపుతాయి, పదిమంది హైలెస్సా అని ఒక్కసారి లాగినట్టు. 340ని 0.2తో భాగిస్తే 1700 వస్తుంది. కొలిస్తే వచ్చింది 1670. నోటిలెక్కకు ఇంతకన్నా ఏం కావాలి!

ఇలా క్రమం తప్పకుండా పేర్చినవాటిని ధ్వని స్ఫటికాలంటారు. ఉప్పుకల్లులో పరమాణువులు పేర్చినట్టు ఇక్కడ గొట్టాలు. లోపలికి రానివ్వని ఫ్రీక్వెన్సీల పట్టీని గ్యాప్ అంటారు. చాలాకాలం పాటు గ్యాప్ అంటే గోడే అనుకున్నారు. ఏ గోడైనా గోడే కదా, ఇటుకదైనా మట్టిదైనా.

అసలు చిక్కుముడి ఇక్కడ మొదలవుతుంది. గ్యాప్ అచ్చంగా ఒకేలా ఉన్న రెండు ధ్వని స్ఫటికాలు తీసుకోండి. దేన్ని విడిగా పరీక్షించినా ఆ ఫ్రీక్వెన్సీ శబ్దం దూరదు. రెంటినీ పక్కపక్కన చేర్చి అతికించండి. కొన్ని జతల్లో ఏమీ జరగదు. కొన్ని జతల్లో మాత్రం, అటు లోపలా ఇటు లోపలా బతకలేని శబ్దం అతుకు దగ్గర నిక్షేపంగా కాపురం పెడుతుంది. బయటి నుంచి చూస్తే తేడా తెలియని రెండు గోడల్లో ఏదో తేడా ఉందన్నమాట. ఆ తేడా ఒక పూర్ణసంఖ్య. ఆ సంఖ్యను లెక్కపెట్టే విద్య పేరు టోపాలజీ.

2016లో పదార్థానికి టోపాలజీ లెక్కలు కట్టిన థౌలెస్, హాల్డేన్, కోస్టర్‌లిట్జ్‌లకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించినప్పుడు, కమిటీ సభ్యుడు హాన్సన్ విలేకరుల ముందు సంచీలోంచి మూడు తినుబండారాలు తీశాడు. చిల్లు లేని బన్ను, ఒక చిల్లున్న బేగెల్, రెండు చిల్లుల ప్రెట్‌జెల్. మనవాడైతే ఇడ్లీ, గారె తెచ్చేవాడు. ఇడ్లీని ఎంత నొక్కినా గారె కాదు, చిల్లు పొడవాల్సిందే. చిల్లుల సంఖ్య ఒకటిన్నర కాదు, ఒకటీ పావు కాదు. మాట నిజమే. కానీ ఈ ఉదాహరణ విన్నవాళ్ళు శబ్దం ఏదో చిల్లులోంచి పోతుందనుకునే ప్రమాదం ఉంది. నాకైతే గారె కన్నా ప్రదక్షిణ నయం.

గుడిలో ధ్వజస్తంభం చుట్టూ తిరుగుతున్నారనుకోండి. దగ్గరగా తిరగండి, దూరంగా తిరగండి, మధ్యలో తెలిసినవాళ్ళు కనబడితే నాలుగడుగులు వెనక్కి వేసి పలకరించి మళ్ళీ నడవండి. బయల్దేరిన చోటికి వచ్చేసరికి ప్రదక్షిణలు ఒకటో, రెండో, పదకొండో, పూర్ణసంఖ్యే. దారి వంకరపోయినంత మాత్రాన లెక్క మారదు. గుడి అంతా తిరిగినా స్తంభాన్ని మాత్రం చుట్టకపోతే లెక్క సున్నా. తిరిగే దారిని కొంచెంకొంచెంగా జరుపుకుంటూ పోతే ఈ ఒకటి సున్నా ఎప్పుడవుతుంది? దారి సరిగ్గా స్తంభం మీదుగా పోయిన క్షణంలో. ఇంకో మార్గం లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా దీనిచుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు వరసగా డబ్బాలు పెడదాం. ఒక్కోటి 8.5 సెంటీమీటర్ల పొడవున్న మూసిన డబ్బా. అందులో గాలి ఈ చివరి నుంచి ఆ చివరికి ఊగితే దాని సొంత శ్రుతి 2000 హెర్ట్జ్. రెండు డబ్బాలను పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక గొట్టం కలిపితే, ఒకే దూలానికి కట్టిన రెండు ఉయ్యాలల్లా అవి ఒకదాన్నొకటి కదిలిస్తాయి. అప్పుడు శ్రుతి ఒకటి కాస్తా రెండవుతుంది, ఒకటి కొంచెం పైకి, ఒకటి కొంచెం కిందికి. వెడల్పు గొట్టమైతే ఆ తేడా ఎక్కువ, సన్న గొట్టమైతే తక్కువ. వెడల్పుది 50 హెర్ట్జ్ జరుపుతుంది, సన్నది 25 జరుపుతుంది అనుకుందాం. డబ్బాల మధ్య ఒకటి విడిచి ఒకటి సన్నది, వెడల్పుది, సన్నది, వెడల్పుది అని బిగించుకుంటూ పొడవాటి గొలుసు చేద్దాం. 1979లో సు, ష్రీఫర్, హీగర్ అనే ముగ్గురు పాలీఅసిటిలీన్ అనే గొలుసు అణువుకు రాసిన లెక్క ఇదే. అక్కడ పరమాణువుల మధ్య పొట్టి బంధం, పొడుగు బంధం, ఇక్కడ డబ్బాల మధ్య గొట్టాలు.

గొలుసులో డబ్బాలను మొదటి నుంచి రెండేసి చొప్పున జతలుగా చూడండి. శబ్దం జత నుంచి జతకు పోయేటప్పుడు ఊగులో ఎంత వెనకబడుతుందో అది 0 నుంచి 360 డిగ్రీల దాకా ఎంతైనా కావచ్చు. ఆ 0 నుంచి 360 దాకా పోవడమే మన ఒక్క చుట్టు నడక. నడిచే దారి గుండ్రం. ఆ గుండ్రం నడిబొడ్డు ధ్వజస్తంభానికి ఎంత దూరమో జత లోపలి గొట్టం చెబుతుంది. గుండ్రం వ్యాసార్ధం ఎంతో జతకూ జతకూ మధ్య ఉన్న గొట్టం చెబుతుంది. హెర్ట్జ్‌కు ఒక అడుగు చొప్పున వేసుకోండి. నడుస్తున్న మీకూ స్తంభానికీ ఏ క్షణాన ఎన్ని అడుగుల దూరముందో, శబ్దం శ్రుతి 2000 నుంచి అన్ని హెర్ట్జ్ పైకీ, అన్నే కిందికీ జరుగుతుంది. ఉపమానం ఇంతవరకూ సాగుతుందని నేనూ అనుకోలేదు గానీ, ఇది అక్షరాలా ఆ సమీకరణమే.

మొదటి రకం గొలుసులో జత లోపల సన్న గొట్టం, జతల మధ్య వెడల్పు గొట్టం. అంటే వ్యాసార్ధం 50 అడుగులు, నడిబొడ్డు 25 అడుగుల దూరంలో. స్తంభం దారి లోపలే ఉంది, ప్రదక్షిణ ఒకటి. రెండో రకంలో తారుమారు. వ్యాసార్ధం 25, నడిబొడ్డు 50 అడుగుల దూరంలో. స్తంభం దారి బయట పడింది, ప్రదక్షిణ సున్నా. రెండు సందర్భాల్లోనూ మీరు స్తంభానికి అతి దగ్గరగా వచ్చేది 25 అడుగులు, అతి దూరం 75. కాబట్టి రెండు గొలుసుల్లోనూ 1975 నుంచి 2025 దాకా శబ్దం పోదు. గ్యాప్ ఒకటే, లెక్క వేరు. ఇందాకటి రెండు గోడలు ఇవే.

రెంటినీ అతికిస్తే ఏమవుతుంది? ఒకవైపు ఒకటి, ఇంకోవైపు సున్నా. మధ్యలో ఎక్కడో దారి స్తంభాన్ని తాకి తీరాలి. తాకడమంటే దూరం సున్నా, అంటే గ్యాప్ మూసుకుపోవడం. అతుకు దగ్గర సరిగ్గా 2000 హెర్ట్జ్ శబ్దానికి చోటు దొరికేది అందుకే.

ఈ గుళ్ళూ గోపురాలూ లేకుండా కూడా ఇది కంటికి కనబడుతుంది. సన్న గొట్టంతో మొదలయ్యే గొలుసులో రెండో డబ్బా మూడోదానితో, నాలుగోది ఐదోదానితో వెడల్పు గొట్టంతో గట్టిగా జతకట్టాయి. జతకట్టినవన్నీ 2000ను వదిలి పైకో కిందికో పోయాయి. మొదటి డబ్బాకు జోడీ దొరకలేదు. అది తన సొంత 2000 దగ్గరే ఒంటరిగా ఉండిపోయింది. అక్కడ పుట్టిన శబ్దం లోపలికి పోలేదు, ఎందుకంటే లోపల ఆ శ్రుతికి చోటు లేదు. మైకు పెట్టి చూస్తే మొదటి డబ్బాలో పీడనం 1 అయితే మూడోదాంట్లో సగం, ఐదోదాంట్లో పావు, ఏడోదాంట్లో అరపావు. రెండు, నాలుగు, ఆరు డబ్బాల్లో దాదాపు నిశ్శబ్దం. వెడల్పు గొట్టంతో మొదలుపెడితే మొదటి డబ్బాకూ జోడీ ఉంటుంది, ఈ తమాషా ఏదీ ఉండదు. చమత్కారమేమిటంటే, గొలుసు మధ్యలో నిలబడి చూస్తే రెండూ ఒకటే గొలుసు. కోత ఏ గొట్టం దగ్గర పడిందన్నదే తేడా.

ఇక్కడ ఒక మనవాడిని తలుచుకోవాలి. తరంగం ఒక చుట్టు తిరిగి మొదటికి వచ్చినా, తిరిగిన గుర్తు దాని ఊగులో మిగిలిపోతుందన్న సంగతిని 1956లో కాంతి విషయంలో చూపించినవాడు శివరామకృష్ణన్ పంచరత్నం. రామన్‌కు మేనల్లుడు, బెంగళూరులో పనిచేస్తున్నాడు, అప్పటికి వయసు 22. మైకేల్ బెర్రీ 1984లో ఇదే భావాన్ని క్వాంటమ్ లెక్కల్లో అన్నిటికీ వర్తించేలా రాశాడు. పంచరత్నం ముందే చేశాడని తర్వాత తనే చాటిచెప్పాడు. 1989లో జాక్ దాన్ని స్ఫటికాల్లోకి తెచ్చాడు. హాంకాంగ్ పరిశోధకులు 2015లో లావు మారుతూ పోయే గొట్టంలో శబ్దంతో దాన్ని కొలిచారు. మన డబ్బాల గొలుసులో లెక్కపెట్టిన ప్రదక్షిణ ఆ వంశంలోదే.

గొలుసు చివర శబ్దం నిలబడుతుంది, నడవదు. నడవాలంటే గొలుసు చాలదు, పరుపులా పరిచిన స్ఫటికం కావాలి. దాని అంచు ఒక దారి.

ఎలక్ట్రాన్ల విషయంలో ఆ దారిని 1980లో క్లాస్ ఫాన్ క్లిట్‌జింగ్ కొలతలు బయటపెట్టాయి. పలుచటి పొరలో ఎలక్ట్రాన్లను బాగా చల్లబరిచి, గట్టి అయస్కాంత క్షేత్రంలో పెడితే, లోపల కరెంటు పారదు, అంచు వెంట మాత్రం ఒకే దిక్కుకు పారుతుంది. అడ్డంగా కొలిచిన నిరోధం 25,812.8 ఓమ్‌లు, లేదా అందులో సగం, మూడోవంతు. నమూనాలో మలినాలున్నా, అంచు గరుకుగా ఉన్నా ఆ విలువ చెదరలేదు. అది ఒక పూర్ణసంఖ్య ఆడిస్తున్న ఆట అని 1982లో థౌలెస్ బృందం తేల్చింది. దాన్ని వన్‌వే రోడ్డు అనడం మామూలు. నాకు ఆ పోలిక నచ్చదు. మన ఊళ్ళలో వన్‌వే అంటే రాంగ్ రూట్లో ఎదురొచ్చేవాళ్ళకు కొదవ ఉండదు. ఇక్కడ అసలు రాంగ్ రూట్ అనే రోడ్డే వేయలేదు. వెనక్కి తిరగాలనుకున్నా తిరిగి పోవడానికి దారి లేదు కాబట్టి గుంత వచ్చినా మలుపు వచ్చినా చుట్టుకుని ముందుకే పోతుంది.

శబ్దంతో ఇదే చేద్దామంటే పెద్ద చిక్కు. అయస్కాంతం ఎలక్ట్రాన్‌ను పట్టుకుంటుంది, దానికి విద్యుదావేశం ఉంది కాబట్టి. గాలిలో శబ్దానికి ఆ ఆవేశం లేదు, ఎలక్ట్రాన్‌కు పుట్టుకతో ఉండే బొంగరం లాంటి స్పిన్ అనే గుణమూ లేదు. పీడనం పెరగడం, తగ్గడం తప్ప ఇంకో గుణం లేదు. పైగా శబ్దం మహా పక్షపాతం లేనిది. నిశ్చలంగా ఉన్న గాలిలో ఇక్కడి స్పీకరు, అక్కడి మైకు స్థానాలు మార్చినా మైకుకు అందేది మారదు. మధ్యలో ఎన్ని గోడలు, స్తంభాలు పెట్టినా ఈ నియమం చెక్కుచెదరదు.

నిశ్చలంగా ఉన్న గాలిలో అన్నాం కదా, కిటుకు అక్కడే ఉంది. గాలివాటున కేకేస్తే వినబడినట్టు ఎదురుగాలికి వినబడదని పొలంలో పనిచేసేవాళ్ళెవరికైనా తెలుసు. 2014లో టెక్సస్‌లో ఆండ్రియా అలు బృందం దీన్నే ఒక కంకణంలో బిగించింది. గుండ్రటి బోలు కంకణం, దానికి మూడు గొట్టాల ద్వారాలు, లోపల గాలిని చుట్టూ తిప్పడానికి చిన్న ఫ్యాన్లు. ఫ్యాన్లు ఆపితే, ఒక ద్వారంలోంచి వచ్చిన శబ్దం సవ్యంగానూ అపసవ్యంగానూ ఒకే శ్రుతితో తిరిగి మిగతా రెండు ద్వారాల్లోంచీ సమానంగా బయటికి వస్తుంది. ఫ్యాన్లు వేస్తే గాలితో తిరిగే శబ్దం శ్రుతి పైకి, ఎదురీదే శబ్దం శ్రుతి కిందికి పోతుంది. గాలి వేగం సరిగ్గా కుదిర్చితే ఆ రెండూ కలిసే తీరు వల్ల ఒక ద్వారం నుంచి శబ్దం బయటికి వస్తుంది, రెండోదాని దగ్గర చెవి పెట్టినా వినబడదు. వాళ్ళు కొలిచిన తేడా 40 డెసిబెల్‌ల దాకా వెళ్ళింది, అంటే శక్తిలో 10,000 రెట్లు. అయస్కాంతం చేసే పనిని ఫ్యాన్ చేసిందన్నమాట.

అలాంటి కంకణాలను తేనెపట్టులా పేరిస్తే అంచున శబ్దం ఒకే దిక్కుకు పోవాలని 2015లో సింగపూర్ నుంచీ అమెరికా నుంచీ లెక్కలు వచ్చాయి. కాగితం మీద అద్భుతం. చేయబోతే తెలిసింది కష్టం. ప్రతి గదిలోనూ గాలి ఒకే వేగంతో తిరగాలి, తిరిగే గాలి తన గోల తాను చేయకూడదు. ప్రయోగం నిలబడినట్టు చైనా పరిశోధకులు 2019లోగానీ చూపించలేకపోయారు.

ఈ తలనొప్పి పడలేక చాలామంది పక్కదారి పట్టారు. 2016లో నాన్జింగ్ బృందం ఫ్యాన్లు లేకుండా, స్టీలు కడ్డీలను తేనెపట్టు వరసలో పేర్చి, కడ్డీ లావుకూ వాటి మధ్య దూరానికీ ఉన్న నిష్పత్తిని మాత్రం మార్చింది. సన్నవి ఒక పక్క, లావువి ఒక పక్క. మధ్య సరిహద్దు వెంట శబ్దం రెండు రకాల సుడులుగా నడిచింది, ఒక రకం సుడి ఎడమకు, రెండో రకం కుడికి. స్పిన్ లేని శబ్దానికి అద్దె స్పిన్ అన్నమాట. మరుసటి ఏడు వూహాన్‌లో మూడు మూలల కడ్డీలు తీసుకుని, ఒక పక్కవాటిని కొంచెం ఇటు, ఇంకో పక్కవాటిని కొంచెం అటు తిప్పారు. సరిహద్దు వెంట శబ్దం మెలికలు తిరిగిన దారిలోనూ పెద్దగా వెనక్కి తన్నకుండా పోయింది. వంటింటి సామానంత సులువైన పరికరాలు, అందుకే ఈ రంగంలో పేపర్లు వరదలా వచ్చాయి.

వరదలో బురద కూడా ఉంటుంది. ‘టోపాలజీ రక్షణ’ అనే మాట ఇప్పుడు కొంచెం చవకైపోయిందని నా అభిప్రాయం. ఫ్యాన్లున్న స్ఫటికంలో వెనక్కి దారి నిజంగానే లేదు. కడ్డీల స్ఫటికంలో వెనక్కి దారి ఉంది, రెండో రకం సుడి నడిచేది అటే. ఒక సుడి ఇంకో సుడిగా మారకుండా కాపాడుతున్నది కడ్డీల అమరికలోని సౌష్ఠవం. ఎలక్ట్రాన్ స్పిన్‌కు ప్రకృతి ఇచ్చిన పూచీకత్తు ఈ అద్దె స్పిన్‌కు లేదు. సౌష్ఠవాన్ని పాడుచేసే చోట ఒక కడ్డీ పీకేయండి, కొంత శబ్దం వెనక్కి వస్తుంది. కొంతే కావచ్చు, మామూలు గొట్టంలో కన్నా తక్కువే కావచ్చు, కానీ వస్తుంది.

మన డబ్బాల గొలుసు కూడా అంతే. గొట్టాల లావుల్లో హెచ్చుతగ్గులు పెట్టండి, మొదటి డబ్బా శబ్దం 2000 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. ఆ డబ్బా పొడవే ఒక మిల్లీమీటరు తగ్గించండి, దాని సొంత శ్రుతి 2024 అవుతుంది, అక్కడి శబ్దం 2000ను వదిలి గ్యాప్ అంచు వైపు జరుగుతుంది. ఏ తప్పుల నుంచి రక్షణ, ఏ తప్పుల నుంచి కాదు అన్నది ముందే రాసి ఉంటుంది, ఇన్సూరెన్స్ కాగితంలో చిన్న అక్షరాల్లా. ఇంకో చిన్న అక్షరం: వెనక్కి తిరగదన్నారే గానీ అలసిపోదనలేదు. గొట్టం గోడలకు గాలి రాసుకుని శబ్దం వేడిగా కరిగిపోవడాన్ని ఏ పూర్ణసంఖ్యా ఆపదు. దారి సన్నబడేకొద్దీ ఆ నష్టం పెరుగుతుంది.

అందుకని ఇది ఉత్త ప్రచారమని కొట్టిపారేయలేం. మీ ఫోన్‌లో రేడియో సంకేతాలను వడపోసే చిన్న చిప్పుల్లో ఇప్పటికే పని చేస్తున్నది శబ్దమే, స్ఫటికం ఉపరితలం మీదో లోపలో పాకే అల్ట్రాసౌండ్. అలాంటి చిప్పు మీద మలుపులు తిరిగినా వెనక్కి తన్నని దారి దొరికితే ఇంజనీర్లు కాదంటారా! ఆ దిశగా ప్రయోగాలు నడుస్తున్నాయి. రోడ్డు పక్కన సౌండ్ బారియర్‌కు మాత్రం ఇదంతా అక్కర్లేదు. దానికి సెంపేరె గొట్టాల పాత గ్యాప్ చాలు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ప్రయోగశాలలో లేదు. అది శబ్దం కూడా కాదు, సముద్రంలో అల. లెక్క మాత్రం ఇదే. ఫ్యాన్ చేయాల్సిన పని అక్కడ భూభ్రమణం చేస్తుంది. భూమి తిరగడం వల్ల కదిలే నీరు ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకు ఒరుగుతుంది. రెండు అర్ధగోళాలూ లెక్క వేరైన రెండు స్ఫటికాల్లాంటివి, భూమధ్యరేఖ వాటి మధ్య అతుకు. 2017లో దెలప్లాస్, మార్స్టన్, వెనాయ్ అనే ముగ్గురు ఆ అతుకు దగ్గర ఎన్ని అలలుండాలో టోపాలజీతో లెక్కకట్టారు. పసిఫిక్‌లో పడమటి గాలులు ఉన్నట్టుండి విసిరినప్పుడు భూమధ్యరేఖ వెంట తూర్పుకు బయల్దేరి, రెండు మూడు నెలల్లో దక్షిణ అమెరికా తీరం చేరే కెల్విన్ తరంగం వాటిలో ఒకటి. అది మోసుకుపోయే వెచ్చదనం ఎల్‌నినోకు ఊపునిస్తుంది. ఎల్‌నినో వచ్చిన చాలా ఏళ్ళలో మన నైరుతి వానలు వెనకంజ వేస్తాయన్నది రాయలసీమ రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ముగ్గురి లెక్క తేల్చిన సంఖ్య 2. భూమధ్యరేఖ వెంట అలా తూర్పుకే శక్తిని మోసుకుపోయే తరంగాలు ఎన్ని అనేది మత్సునో అనే జపాన్ శాస్త్రవేత్త 1966లోనే టోపాలజీ ఊసు లేకుండా సమీకరణాలతో రాసిపెట్టాడు. ఒకటి కెల్విన్, రెండోది యనై.